వంతెన కింద వల

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళిన తెలుగువాడు గోల్డెన్ గేట్ వంతెన ముందు నిలబడి ఫొటో తీయించుకోకుండా తిరిగి రాడు. తిరుపతి వెళ్ళి లడ్డు తేకుండా వచ్చేవాళ్ళుంటారా? ఇదీ అంతే. ఆ మధ్య వేసవి సెలవుల్లో నేనూ వెళ్ళాను, ఫొటో తీయించుకున్నాను. బంధువులంతా చూసి బాగుందన్నారు కూడాను. అయితే ఆ వంతెన గురించి నాకు బాగా గుర్తుండిపోయిన వస్తువు ఆ ఫొటోలో లేదు. ఫొటోలోనే కాదు, ఇప్పుడక్కడా లేదు. అది ఒక తాళ్ళ వల. ఆ వల కథ మీకు చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

సిందూరపు ద్వారం

మా తమ్ముడు సన్నీవేల్‌లో వుంటాడు. అక్కడినుంచి వంతెన నలభై మైళ్ళ పైచిలుకు. ఆదివారం పొద్దున్నే మరదలు పులిహోర కలిపి డబ్బాలకెత్తింది. కారులో నలుగురం బయలుదేరాం. సన్నీవేల్‌లో మన గుంటూరు ఎండే. ఊళ్ళోకి రాగానే మాత్రం పొగమంచు కమ్ముకుంది. "జూన్‌లో కూడా ఇక్కడింతే బావగారూ, శాలువా వుంచుకోండి" అని మా మరదలు ముందే హెచ్చరించింది. ఆవిడ మాట విన్నందుకు వంతెన మీద పదే పదే సంతోషించాను.

"పెదనాన్నా, గోల్డెన్ అంటే బంగారం కదా? మరి ఇది ఎర్రగా వుందేం?" అని అడిగింది తమ్ముడి కూతురు. పిల్ల తెలుగు కాస్త తడబడుతుంది గాని ప్రశ్నలకు తడబాటు లేదు. నిజానికి గోల్డెన్ గేట్ అన్నది వంతెన పేరు కాదు, దాని కింది జలసంధి పేరు. ఫ్రెమాంట్ అనే సేనాని 1846లో పెట్టాడు. వంతెనది మన ఆంజనేయస్వామి సిందూరం రంగు. మంచులో కూడా ఓడలకు కనిపించాలి గదా మరి.

కొలతలు చెబితే గాని దాని పొడవూ ఎత్తూ అందవు. రెండు స్తంభాల మధ్య దూరం 4,200 అడుగులు. నీటిమట్టం నుంచి ఒక్కొక్క స్తంభం ఎత్తు 746 అడుగులు. వంతెనను మోసే రెండు పెద్ద తీగమోకుల్లో ఒక్కొక్కదాని లావు మూడడుగుల పైమాట. మోకు ఒక్కింటికి 27,572 తీగలు. దారి నీటికి సుమారు 220 అడుగుల ఎత్తున పోతుంది. మన లెక్కలో ఇరవై అంతస్తుల మేడ అనుకోండి.

నడిచేవాళ్ళకు తూర్పు వైపున కాలిబాట వుంది. సగం దూరం వెళ్ళి కమ్మీ పట్టుకుని కిందికి చూశాను. పసిఫిక్ గాలి చెవుల్లో హోరెత్తుతున్నది. లారీ పోయినప్పుడల్లా కాళ్ళకింద వంతెన సన్నగా వణుకుతుంది. అరికాళ్ళు జిల్లుమన్నాయి. నాకు పట్టుకోవడానికి కమ్మీ వుంది, నిలబడటానికి గచ్చు వుంది. అయినా ఈ అవస్థ. ఈ గచ్చూ, ఈ కమ్మీ ఇంకా లేనప్పుడు, మంచుకు తడిసిన ఇనప దూలాల మీద నడిచి మేకులు బిగించినవాళ్ళు దేన్ని పట్టుకున్నారు?

కాలిబాట పక్కన, కొంచెం కిందుగా, ఒక ఉక్కు వల కనిపించింది. "ఇదేనట్రా పనివాళ్ళకు కట్టింది?" అన్నాను.

"కాదన్నయ్యా. ఇది ప్రాణం మీద విరక్తితో వచ్చేవాళ్ళను ఆపడానికి కట్టింది. 2024లోనే పూర్తయింది. పనివాళ్ళ వల తాళ్ళది. దాని కథ వేరు" అన్నాడు తమ్ముడు.

మిలియనుకొక మనిషి

1933 జనవరి 5న వంతెన పని మొదలైంది. అమెరికాలో అవి ఉద్యోగాలు లేని రోజులు. ఒక కూలీ పోతే వాడి చోటుకి పదిమంది గేటు దగ్గర కాచుకుని వుండేవాళ్ళు. అలాంటి కాలంలో మనిషి ప్రాణం ఏ ధర పలుకుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ధర అన్నమాట ఊరికే అనలేదు. పెద్ద ఉక్కు కట్టడాలు కట్టేవాళ్ళలో అప్పట్లో ఒక లెక్క వాడుకలో వుండేది. పదిలక్షల డాలర్లు ఖర్చయ్యే పనికి ఒక ప్రాణం పోతుందని. సిమెంటుకింత, ఉక్కుకింత అన్నట్టే మనుషులకింత. ఈ వంతెనకు మూడున్నర కోట్ల డాలర్లు. కాబట్టి ముప్ఫయి అయిదుగురు పోవాలి. ఆ లెక్క వేసినవాళ్ళు రాక్షసులేమీ కారు. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే. ఎత్తున పనిచేసేవాడు ఎప్పుడో ఒకప్పుడు పడతాడు, అది సృష్టి ధర్మం అనుకున్నారు, అంతే.

వంతెన ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఈ లెక్కను ఒప్పుకోలేదు. ఆయన ప్రచారం మీద మోజున్న మనిషని, వంతెన గణితమంతా కూర్చిన చార్లెస్ ఎల్లిస్‌కు దక్కవలసిన పేరు దక్కనివ్వలేదని చరిత్రలో వుంది. ఆ నింద అలా వుండగా, కూలీల విషయంలో ఆయన పట్టుదలను మెచ్చుకోక తప్పదు. ప్రతివాడూ గట్టి టోపీ పెట్టుకోవాలన్నాడు. గనుల్లో వాడే ఆ టోపీలను ఎడ్వర్డ్ బుల్లార్డ్ అనే ఆయన ఈ పనికోసం మార్చి తయారుచేశాడు. ఎండ నీటిమీద పడి కళ్ళు చెదరకుండా అద్దాలిచ్చారు. ఉప్పుగాలికి చర్మం పగలకుండా లేపనం ఇచ్చారు. కళ్ళు తిరగకుండా తిండి కూడా చూసి పెట్టారు. రాత్రి తాగి పొద్దున పనికొచ్చినవాడికి పులిసిన క్యాబేజీ రసం పట్టించేవారట! పైన నిలబడి కోతిచేష్టలు చేసినవాణ్ణి అక్కడికక్కడే పనిలోంచి తీసేసేవారు.

వీటన్నిటికంటె పెద్ద ఏర్పాటు వల. వంతెన దారి కట్టే పని మొదలయ్యేసరికి, 1936లో, దాని కింద కొసనుంచి కొసదాకా వల వేలాడదీశారు. మనీలా జనపతాళ్ళతో అల్లిన వల. కన్ను ఆరంగుళాలు. వంతెన వెడల్పుకంటె అటు పదడుగులు, ఇటు పదడుగులు ఎక్కువ. పని ముందుకు జరిగినకొద్దీ వల ఇంకో పదిహేనడుగులు ముందే వుండేది. ఎందుకంటే పడేవాడు నిటారుగా పడడు. గాలి తోస్తుంది, కాలు జారిన ఊపు తోస్తుంది.

ఖర్చు? లక్షా ముప్ఫయివేల డాలర్ల పైచిలుకు. అంత డబ్బు తాళ్ళకా అని నోళ్ళు వెళ్ళబెట్టిన రోజులవి. అక్కడే బల్లమీద కూర్చుని పులిహోర తింటూ మేము లెక్క వేశాం. మొత్తం ఖర్చులో నూరు డాలర్లకు ముప్ఫయి ఏడు సెంట్లు.

త్రిశంకు సంఘం

ఆ వలలో పడి బతికినవాళ్ళు పందొమ్మిదిమంది.

వలే లేకపోతే, 220 అడుగుల ఎత్తునుంచి పడేవాడు నాలుగు సెకన్లలోపే నీటిని చేరతాడు. అప్పటికి వాడి వేగం గంటకు ఎనభై మైళ్ళు. నీళ్ళే కదా అనుకోవడానికి వీల్లేదు. ఆ వేగానికి నీళ్ళూ ఒకటే, రాతిగచ్చూ ఒకటే.

ఆ పందొమ్మిదిమందీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు 'నరకానికి సగం దూరం' సంఘం. సభ్యత్వ రుసుము లేదు. పడి బతకడమొక్కటే అర్హత. మన పురాణాల్లో ఇలాంటివాడొకడున్నాడు. విశ్వామిత్రుడు 'ఆగు' అంటే తలకిందులుగా ఆకాశంలో ఆగిపోయిన త్రిశంకు మహారాజు. ఆయన స్వర్గం పోగొట్టుకుని ఆగిపోయాడు. వీళ్ళు నరకం తప్పించుకుని ఆగిపోయారు. వీళ్ళే అదృష్టవంతులు.

వల అంటే మనకు వేటగాడి వస్తువు. చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుడి పావురాలు చిక్కుకున్న వల ప్రాణాలు తీయడానికి పన్నింది. ఈ వల పట్టుకున్నది ప్రాణం పోయడానికి. దానికి ఇంకో గుణం కూడా వుందని రాసినవాళ్ళున్నారు. కింద వల కనిపించేసరికి కూలీల అడుగులో భయం తగ్గి, పని చురుకైందట. వెనకటి తరం మేస్త్రీలు ఒక మాటంటూ వుంటారు: 'భయం వుంటేనేగాని జాగ్రత్త రాదు' అని. కాని బిగుసుకున్న చేతికి పట్టు ఎక్కడిది? భయపడ్డవాడే తప్పటడుగు వేస్తాడు.

వల తెగిన రోజు

ఇక్కడితో కథ ఆపితే వినడానికి సొంపుగా వుంటుంది. కాని నిజం ఇక్కడితో ఆగలేదు.

పని మొదలైన మూడేళ్ళ తొమ్మిది నెలలదాకా ఒక్క ప్రాణమూ పోలేదు. 1936 అక్టోబరు 21న బరువులెత్తే యంత్రం కూలి మీదపడి ఒకతను పోయాడు. ఆ తరువాత 1937 ఫిబ్రవరి 17. పని దాదాపు ముగింపుకి వచ్చింది. కాంక్రీటు గట్టిపడ్డాక అడుగున వున్న చెక్కలు ఊడదీసే పని నడుస్తున్నది. మన భాషలో సెంట్రింగ్ విప్పడం. అందుకోసం వంతెన అడుగున ఒక పరంజా వేలాడదీశారు. దాన్ని పట్టి వుంచిన కొక్కేలు సడలిపోయాయి. టన్నులకొద్దీ బరువున్న పరంజా మనుషులతోసహా వల మీద పడింది. వల చినిగిపోయింది. పన్నెండుమంది నీళ్ళలోకి జారిపోయారు. బతికి బయటపడింది ఇద్దరు.

మూడు నెలలకు, మే 27న, వంతెన తెరిచారు. ఆనాడు అందరూ కాలినడకనే దాటారు. మరునాటి నుంచి కార్లు. పోయిన పదకొండుమంది పేర్లూ చెక్కిన ఫలకం వంతెన దగ్గర వుంది. ఫొటోలు తీసుకునేవాళ్ళు దాని ముందు అట్టే ఆగరు. మేము ఆగాం. మా మరదలు చెప్పులు విడిచి నమస్కారం పెట్టింది. ఎవరూ చెప్పకుండా పిల్లకూడా చేతులు జోడించింది.

"వల వుండి కూడా చచ్చిపోయారు కదా పెదనాన్నా, మరి వల ఎందుకు?" అని అడిగింది.

"వల మనిషి కోసమమ్మా, పరంజా కోసం కాదు. పరంజా పడకుండా చూసుకోవలసింది పైన, దాని కొక్కెం దగ్గర" అన్నాను.

ఆ జవాబు పిల్లకు చెప్పానే గాని, ఆలోచించినకొద్దీ విషయమంతా అందులోనే వుందనిపించింది. వల ఆఖరి మాట. మొదటి మాట కాదు. ఇప్పుడు లోకమంతటా ఇంజనీర్లు చెప్పే వరస కూడా ఇదే. ముందు, ఆ పని నేలమీద చేసి పైకెత్తే వీలుందా చూడు. పైకెక్కక తప్పదంటే అంచున కమ్మీ కట్టు, కన్నాలు మూయి. అదీ కుదరకపోతే వల కట్టు. లేదా మనిషికి భుజాలూ తొడలూ చుట్టి కట్టే పట్టీల బెల్టు తొడిగి, గట్టి ఆధారానికి తాడు తగిలించు. వట్టి నడుం బెల్టు ఈ పనికి చాలదని, పడినప్పుడు అదే నడుం విరుస్తుందని అమెరికావాళ్ళు 1998 నుంచి దాన్ని నిషేధించారు.

కొక్కెం ఎక్కడ?

అక్కడ అంతా సవ్యంగా వుందనుకోకండి. మర్నాడే మా తమ్ముడి వీధిలో ఒక ఇంటి కప్పు మారుస్తున్నారు. ఏటవాలు కప్పు మీద నలుగురు. ఆరడుగుల ఎత్తు దాటితే రక్షణ ఏదో ఒకటి వుండి తీరాలని అక్కడి నిబంధన. నలుగురికీ బెల్టులున్నాయి. ముగ్గురి తాళ్ళు కప్పు వెన్నుకి కట్టివున్నాయి. నాలుగోవాడి తాడు వాడి వెనకాలే తోకలా ఈడుస్తున్నది.

"వాడికి బెల్టుంది గదరా!" అన్నాను.

"బెల్టు ఇన్‌స్పెక్టరు కోసం అన్నయ్యా, కొక్కెం ప్రాణం కోసం" అని నవ్వాడు తమ్ముడు. ఆ నవ్వులో సరదా లేదు. కట్టుబడి పనుల్లో పోయే ప్రాణాల్లో ఎత్తునుంచి పడి పోయేవే ఎక్కువని ఆ దేశపు లెక్కలు ఇప్పటికీ చెబుతున్నాయి.

మనవైపు

నేను గోదావరి ఒడ్డున పెరిగినవాణ్ణి. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన నా చిన్నప్పటి వింత. హేవలాక్ దొర ఎవరో మా మాస్టారు చెప్పారు. మద్రాసు గవర్నరు. ఆ స్తంభాలు లేపినవాళ్ళ పేర్లు ఎవరూ చెప్పలేదు. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన నాగార్జునసాగరం 1967లో కాలువలకు నీరిచ్చింది. అంత ఎత్తు రాతిగోడకు రాళ్ళు మోసింది ఎక్కువభాగం మనుషుల భుజాలే. ఆడవాళ్ళూ మోశారు. పాలమూరు కూలీలు ఎక్కని ఆనకట్ట దేశంలో లేదని ఒక నానుడి. ఎక్కించడంలో మనం ఘనులం. దించడం మాటే ఆలోచించం.

మూడేళ్ళ క్రితం నా తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. బి.ఏ. రెండో సంవత్సరం. ప్రబంధాల్లో కాస్త తడుముకున్నా శతకపద్యం చదివితే తరగతంతా వినేది. వాళ్ళ నాన్న సెంట్రింగ్ పనివాడు. ఒకనాడు మూడో అంతస్తునుంచి పడిపోయాడు. పరంజా మీద బల్ల వేశారు గాని కట్టలేదు. గంట పనే కదా అనుకున్నారు. బల్ల కొస మీద కాలు పడేసరికి అవతలి కొస పైకి లేచింది. నేను పలకరించడానికి వెళితే, చాపమీద కూర్చున్న పెద్దమనుషులంతా ఒకే మాటన్నారు: "ఆయుష్షు తీరింది, ఏం చేస్తాం?" కాంట్రాక్టరు కర్మకాండకు కొంత డబ్బిచ్చాడట. కుర్రవాడు ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర నిలబడి నావైపు చూసి, "బల్లకు తాడు కట్టలేదు మాస్టారూ" అన్నాడు. అంతే. ఆ నెలాఖరుకి కాలేజీ మానేశాడు. ఇప్పుడు వాడూ పరంజా ఎక్కుతున్నాడు.

ఆయుష్షు మాట కాదనేంత ధైర్యం నాకు లేదు. కాని ఒక్క సందేహం. వంతెన మీద పందొమ్మిదిమంది కాలు జారింది నిజం. జారడం వాళ్ళ నుదుట రాసే వుందనుకుందాం. మరి పందొమ్మిది నుదుళ్ళ రాతనూ ఆరంగుళాల కన్నున్న తాళ్ళ వల ఎలా మార్చగలిగింది? కట్టిన తాడుకి తలరాత కట్టుబడుతుందంటే, కట్టని తాడుకి బాధ్యత ఎవరిది?

చట్టాలు లేక కాదు. కట్టుబడి కూలీల కోసమే 1996లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 2020లో చేసిన కార్మిక భద్రతా కోడ్‌లో దాన్ని కలిపింది. అయితే చట్టం మూడో అంతస్తుదాకా ఎక్కి రాదు. ఇల్లు కట్టించుకునే మనం ఎక్కుతాం. టైల్స్ రంగు చూడటానికి ఎక్కుతాం, వాస్తు చూడటానికి ఎక్కుతాం. ఎక్కినప్పుడు ఇంకో నాలుగు చూస్తే మన సొమ్మేం పోదు. లిఫ్టు కోసం వదిలిన గుంటకు అడ్డం కట్టారా? పిట్టగోడ లేవని మేడ అంచున కర్రయినా వుందా? పరంజా బల్లలు తాళ్ళతో బిగించి వున్నాయా? నిచ్చెన పైకొస ఎక్కే అంతస్తుకంటె మూడడుగులు పైకి వచ్చి, కట్టి వుందా? బెల్టు తొడుక్కున్నవాడి కొక్కెం దేనికి తగిలింది? ఈ అయిదు ప్రశ్నలూ అడగడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. తెలుగు ఎం.ఏ. చాలు.

నేను తిరిగి వచ్చేసరికి మా వీధి మొదట్లో అయిదంతస్తుల అపార్టుమెంటు లేస్తున్నది. చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టారు. దూరంనుంచి చూస్తే వలలాగే వుంది. మేస్త్రీని పిలిచి, "మనిషి పడితే ఇది ఆపుతుందా?" అని అడిగాను.

"అబ్బే, ఇది దుమ్ము పక్కిళ్ళమీద పడకుండానండి. మనిషినేం ఆపుతుందండి?" అన్నాడు, నా అమాయకత్వానికి జాలిపడుతూ.

"దుమ్ముకి వల కట్టారు, మరి మనుషులకో?" అన్నాను.

మేస్త్రీ తల గోక్కున్నాడు. పైన పనివాళ్ళవైపు చూశాడు. "ఓనరుగారు డబ్బులిస్తే కడతామండి" అన్నాడు చివరికి. ఓనరుగారు ఎవరో కనుక్కున్నాను. ఒకరు కాదు, ఇరవైమంది. ఫ్లాట్లకు ముందే డబ్బు కట్టినవాళ్ళు. బ్యాంకు ఉద్యోగులు, బడిపంతుళ్ళు, అమెరికాలో పిల్లలున్నవాళ్ళు. అంటే ఈ పత్రిక చదివే మనమే.